రిటర్న్ ఫిల్టర్ అరవై గంటలకే మూసుకుపోతోంది, కారణం ఎక్కడ వెతకాలి?

కొల్లేరు_కుర్రాడు
కైకలూరు పరిసరాల్లో చేపల చెరువులు తవ్వే పని మీద నాకొక ఇరవై టన్నుల పొక్లెయిన్ ఉంది. నిరుడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పటికి మీటరు 9,400 గంటలు దాటింది. హైడ్రాలిక్ రిటర్న్ ఫిల్టర్‌ను (పనిచేసి ట్యాంకుకు తిరిగొచ్చే ఆయిల్‌ను వడగట్టేది) 1,000 గంటలకు ఒకసారి మార్చమని దాని మాన్యువల్‌లో ఉంది. నా విషయంలో మాత్రం సంక్రాంతి తర్వాత పని మొదలుపెట్టినప్పటి నుంచి మూడు ఫిల్టర్లు అయిపోయాయి. మొదటిది 210 గంటలకు, రెండోది 130 గంటలకు, మూడోది సరిగ్గా 62 గంటలకు, ఫిల్టర్ మూసుకుపోయిందని చెప్పే లైటు వెలిగించాయి. ఇది చాలదన్నట్టు మధ్యాహ్నం అయ్యేసరికి బూమ్ (బండి పెద్ద చేయి) లేవడం కూడా మందగిస్తోంది. లోపలి కాగితం ఫిల్టర్ తీసేసి ఖాళీ గిన్నె బిగిస్తే ఈ సీజన్ గడిచిపోతుందని మా మెకానిక్ అంటున్నాడు. చెరువు అప్పగించడానికి ఇరవై రోజులే గడువు ఉంది కాబట్టి, ఆ మాట వినాలా వద్దా అన్నది ముందు చెప్పండి.

టిప్పర్_అన్న
కాగితం తీసేస్తే లైటు తప్పకుండా ఆరిపోతుంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని అరిచే ముసలమ్మను పుట్టింటికి పంపేస్తే ఇల్లు ప్రశాంతంగానే ఉంటుంది, పాలు మాత్రం పోతాయి.

పాత_ఫిట్టర్
ఖాళీ గిన్నె ఆలోచన మానుకోండి. పంపులో పిస్టన్లకూ బ్యారెల్‌కూ మధ్య ఉండే సందు కొన్ని మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు) మాత్రమే. ఫిల్టర్ ఆపవలసిన చెత్త అక్కడ తిరిగితే, ఫిల్టర్ ఖర్చుకు ఎన్నో రెట్లు పంపు దగ్గర కట్టవలసి వస్తుంది.

ఇప్పుడు నా ప్రశ్నలకు జవాబు చెప్పండి. లైటు పొద్దున స్టార్ట్ చేయగానే వెలిగి ఆయిల్ వేడెక్కాక ఆరిపోతోందా, లేక వేడిమీద కూడా వెలుగుతూనే ఉంటోందా? ఈ మధ్య బ్రేకర్ బిగించి రాయి కొట్టించారా? ట్యాంకు పక్కనున్న గాజులోంచి చూస్తే ఆయిల్ ఏ రంగులో ఉంది? తీసేసిన మూడు ఫిల్టర్లలో ఒక్కదాన్నైనా కోసి లోపల చూశారా? చివరి ప్రశ్నకు జవాబు 'లేదు' అయితే మిగతా మూడింటికీ తొందర లేదు, ముందు ఆ పని చేయండి.

కొల్లేరు_కుర్రాడు
మొదట్లో పొద్దునపూట మాత్రమే వెలిగేది, ఇప్పుడు రోజంతా వెలుగుతోంది. నేను కొన్నాక బ్రేకర్ ఎప్పుడూ బిగించలేదు, అంతకుముందు సంగతి తెలియదు. ఆయిల్ కొంచెం మసకగా, పలచని మజ్జిగ కలిపినట్టు ఉంది. ఫిల్టర్లు కోయలేదు. రెండు పారేశాం, మూడోది షెడ్డులో పడి ఉంది.

బాడుగ_బండి
మన కోస్తా ఎండలకు 46 గ్రేడు ఆయిల్ నిలబడదు. 68 గ్రేడు పోస్తే మధ్యాహ్నపు మందగింపు పోతుంది. నా బండికి నేను అదే పోస్తున్నాను, నాలుగేళ్లుగా ఏ ఇబ్బందీ లేదు.

పాత_ఫిట్టర్
బాడుగ_బండి గారూ, మీ బండి మాన్యువల్ ఒప్పుకుంటే 68 పోయడంలో తప్పు లేదు. ఇక్కడ మాత్రం అది రోగానికి మందు కాదు. 46, 68 అన్నవి 40 డిగ్రీల దగ్గర ఆయిల్ చిక్కదనాన్ని చెప్పే అంకెలు. తెల్లవారుజామున 20 డిగ్రీలుంటే 46 గ్రేడు చిక్కదనమే రెండింతలకు మించి పెరుగుతుంది. ఆ చిక్కటి ఆయిల్‌ను ఫిల్టర్ గుండా తోయడానికి ఎక్కువ ప్రెషర్ కావాలి కనుక లైటు వెలుగుతుంది. ఇప్పటికే సగం మూసుకున్న ఫిల్టర్ మీద ఇంకా చిక్కటి ఆయిల్ పోస్తే లైటు తొందరగా వెలుగుతుందే తప్ప ఆలస్యంగా వెలగదు.

గ్రానైట్_గుట్ట
మేము చీమకుర్తిలో క్వారీ పని చేసేవాళ్లం. ఫిల్టర్‌ను డీజిల్‌లో నానబెట్టి, కంప్రెసర్ గాలి కొట్టి మళ్లీ బిగించేవాళ్లం. రెండు మూడు సార్లు పనికొచ్చేది.

బీటా_పది
పనికొచ్చినట్టు కనిపించేది, అంతే. కడగదగినది ట్యాంకులోపల సక్షన్ పైపుకు ఉండే ఇనుప జాలీ ఒక్కటే. దాని కళ్లు వంద మైక్రాన్లకు పైబడి ఉంటాయి. రిటర్న్ ఫిల్టర్‌లోని కాగితం గానీ గాజునార గానీ అలాంటి జాలీ కాదు. అది మందపాటి దూదిపొర లాంటిది, చెత్త దాని లోతుల్లో ఇరుక్కుంటుంది. కంప్రెసర్ గాలి కొడితే లోపలి మురికి బయటికి రాకపోగా పొరకే చిల్లులు పడతాయి. ఆ తర్వాత ఆయిల్ ఆ చిల్లుల్లోంచి హాయిగా పోతుంది కాబట్టి లైటు వెలగదు, మీరేమో శుభ్రపడిందని అనుకుంటారు.

పైగా ఫిల్టర్‌ను 'పది మైక్రాన్లది' అని కొంటాం గానీ ఆ మాటకు సొంతంగా అర్థం లేదు. పది మైక్రాన్లకు పైబడిన కణాలు లోపలికి రెండు వందలు పోతే బయటికి ఒకటి వచ్చే ఫిల్టర్‌కు బీటా 200 అంటారు, అంటే అది 99.5 శాతం ఆపుతుంది. రెండు పోతే ఒకటి వచ్చేదాని బీటా 2, అది సగమే ఆపుతుంది. షాపులో ఈ రెండింటి పెట్టె మీదా 'పది మైక్రాన్లు' అనే ఉండవచ్చు. బిల్లు చూసేముందు బీటా అడగండి.

గ్రానైట్_గుట్ట
చిల్లుల సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. ఆ బండికి రెండేళ్లలో, పైభాగాన్ని తిప్పే స్వింగ్ మోటార్ రెండుసార్లు విప్పవలసి వచ్చింది. అప్పట్లో ఆ నెపమంతా ఆపరేటర్ మీద వేశాం.

జీడిమెట్ల_ప్రెస్సు
లైటు గురించి ఒక విషయం చెప్పాలి. మా షాపులో 150 టన్నుల హైడ్రాలిక్ ప్రెస్సుకు ఏడాదిన్నర పాటు ఫిల్టర్ లైటు ఒక్కసారి కూడా వెలగలేదు, మేమూ మురిసిపోయాం. వాల్వు ఇరుక్కుపోయి విప్పి చూస్తే ఫిల్టర్ లోపలి గొట్టం నలిగి, కాగితం ఒకపక్క చీలి ఉంది. ఫిల్టర్ మూసుకుపోతే ఆయిల్‌కు పక్కదారి ఇచ్చే బైపాస్ వాల్వు సీటు మీద చిన్న లోహపు ముక్క పడి అది మూసుకోకుండా ఉండిపోయింది. ఆయిల్ అంతా ఫిల్టర్‌ను తప్పించుకుని దొడ్డిదారిన పోతూ వచ్చింది. అప్పటి నుంచి లైటు వెలిగే ఫిల్టర్ కన్నా ఎన్నడూ వెలగని ఫిల్టర్ మీదే నాకు అనుమానం.

కొల్లేరు_కుర్రాడు
మూడో ఫిల్టర్ కోసి చూడాలంటే ఎలా కోయాలి? గ్రైండర్ ఉంది.

పాత_ఫిట్టర్
గ్రైండర్ దగ్గరికి రానివ్వకండి. దాని ఇనుప రజను లోపల పడితే, అది పంపు నుంచి వచ్చిందో గ్రైండర్ నుంచి వచ్చిందో బ్రహ్మ కూడా చెప్పలేడు. మీది గిన్నెలో కూర్చునే రకం కాబట్టి పని సులభం. పదునైన కత్తితో పైమూత, కిందిమూత దగ్గర మడతల కాగితాన్ని చుట్టూ కోసి, ఒకచోట నిలువుగా కోస్తే పొరంతా చాప లాగా బయటికి వస్తుంది. దాన్ని గుడ్డలో చుట్టకుండా, శుభ్రమైన రెండు రేకుల మధ్య పెట్టి వైస్‌లో నొక్కి ఆయిల్ పిండేయండి. తర్వాత ఎండలో తెల్ల పళ్లెం మీద పరచి, మడతల లోపలి భాగాలను చూడండి.

అయస్కాంతానికి అంటేది ఇనుము. పసుపు రంగులో మెరిసి అయస్కాంతానికి అంటనిది పంపు లోపలి కంచు కావచ్చు. నల్లటి మెత్తని ముక్కలు సీళ్లవి. గోధుమరంగు జిగురు ఉంటే ఆయిల్ ఎక్కువ వేడికి మాడుతోందని అర్థం. వేళ్ల మధ్య రాస్తే గరగరలాడేది ఇసుక, ఒండ్రు.

ఇంకొక పరీక్ష కూడా చేయండి. ఇనుప పెనం బాగా కాలాక పొయ్యి ఆర్పేసి, దూరంగా నిలబడి, దాని మీద ఒకే ఒక్క చుక్క ఆయిల్ వేయండి. చిటపటలాడితే నీళ్లున్నట్టు. కళ్లకు అద్దాలు పెట్టుకోకుండా ఈ పని చేయవద్దు.

టిప్పర్_అన్న
అట్టు పోసే పెనం మాత్రం వాడవద్దు. ఇంట్లో వచ్చే ప్రెషర్‌కు ఏ బైపాస్ వాల్వూ ఆగదు.

కొల్లేరు_కుర్రాడు
పాత పెనమే వాడాను. చుక్క పడగానే చిటపటలాడింది. ఫిల్టర్ కూడా కోశాను. మడతల నిండా బూడిదరంగు మెత్తటి బురద పేరుకుని ఉంది, అయస్కాంతానికి అంటలేదు, వేళ్ల మధ్య సన్నగా గరగరలాడింది. నల్లటి రబ్బరు పోగులు నాలుగైదు కనిపించాయి. నాకు అర్థం కానిది ఏమిటంటే, తెల్లటి నూలుపోగులు కూడా చాలా ఉన్నాయి. కాగితం ముట్టుకుంటే ఉబ్బినట్టు, మెత్తబడినట్టు ఉంది.

బీటా_పది
ఉబ్బడానికి కారణం నీళ్లే. కాగితపు పొర నీళ్లు పీలిస్తే దాని రంధ్రాలు ఇరుకవుతాయి. అంటే మీ ఫిల్టర్‌ను ఒకవైపు చెత్తా మరోవైపు నీళ్లూ కలిసి మూస్తున్నాయి. మీ కంపెనీ ఆ సైజులో గాజునార పొర ఉన్న ఫిల్టర్ ఇస్తుంటే దానికి మారండి, అది నీళ్లకు ఉబ్బదు. అయితే నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపెట్టకుండా ఫిల్టర్ రకం మారిస్తే సగం పనే అవుతుంది.

మస్కట్_మెకానిక్
నూలుపోగులంటే నా చూపు వెంటనే ట్యాంకు మూత మీదికి పోతుంది. ట్యాంకుకు గాలి పీల్చే బ్రీదర్ సరిగ్గా ఉందా? బూమ్ పైకి లేచినప్పుడు సిలిండర్లలోకి ఆయిల్ పోయి ట్యాంకులో మట్టం దిగుతుంది. ఆ మేరకు బయటి గాలి లోపలికి రావాలి. దించినప్పుడు ఆ గాలి బయటికి పోవాలి. రోజుకు కొన్ని వేలసార్లు జరిగే ఈ ఊపిరికి ముక్కు ఆ బ్రీదరే. ఇక్కడ ఎడారి దుమ్ములో మేము ఫిల్టర్ కన్నా ముందు బ్రీదర్ మారుస్తాం.

పూర్తిగా మూసుకుపోయిన బ్రీదర్ కూడా ప్రమాదమే. గాలి అందకపోతే ట్యాంకులో లాగుడు పుట్టి పంపు కూతపెడుతుంది. గాలి బయటికి పోలేకపోతే ట్యాంకులో ప్రెషర్ పెరుగుతుంది. కొన్ని బండ్లలో ఫిల్టర్ లైటు స్విచ్ ఫిల్టర్ ముందరి ప్రెషర్‌నే కొలుస్తుంది కాబట్టి, ఫిల్టర్ బాగున్నా దొంగ లైటు వెలుగుతుంది.

కొల్లేరు_కుర్రాడు
చెప్పడానికి సిగ్గుగా ఉంది. ట్యాంకు ఎక్కి చూస్తే బ్రీదర్ మూత విరిగిపోయి, దాని చోట పాత బనియన్ గుడ్డ కట్టి తీగ చుట్టి ఉంది. నేను కొన్ననాటి నుంచి ఇలాగే ఉందని ఆపరేటర్ అంటున్నాడు. ఆ గుడ్డ మట్టితో అట్టకట్టుకుపోయి ఉంది.

టిప్పర్_అన్న
పాత ఓనరు వెళ్తూ వెళ్తూ ఒంటి మీద బనియన్ కూడా ఇచ్చి వెళ్లాడు. అంతకన్నా ఏం కావాలి?

పాత_ఫిట్టర్
నూలుపోగులకు కారణం దొరికింది. అయితే అంత ఒండ్రు ఆ ఒక్క దారినే వచ్చిందని నేను నమ్మను. తడినేల మీద అంత దుమ్ము లేవదు. మీరు చెరువులో నీళ్లు ఉండగానే తవ్వుతున్నారా? బకెట్ సిలిండర్, ఆర్మ్ సిలిండర్ రాడ్లు నీళ్లలో మునుగుతున్నాయా? రాడ్లను శుభ్రంగా తుడిచి, గోటితో నిలువునా రాసి చూడండి. మెడ దగ్గర డస్ట్ సీలు పెదవి చుట్టూ నిండుగా ఉందా, ఎక్కడైనా తెగిందా?

కొల్లేరు_కుర్రాడు
ఊటనీళ్లు మోటారుతో తోడుతూనే తవ్వుతాం, అయినా బకెట్ సిలిండర్ సగం మునుగుతుంది. మీరు చెప్పినట్టు చూస్తే దాని రాడ్డు మీద నాలుగు అంగుళాల పొడవున గీత ఉంది, గోరు తగులుతోంది. డస్ట్ సీలు ఒకపక్క ఊడి వేలాడుతోంది. కానీ బయటికి ఆయిల్ పెద్దగా కారడం లేదు. కారనప్పుడు నీళ్లు లోపలికి ఎలా పోతాయి?

బీటా_పది
ఆయిల్‌ను ఆపే సీలు వేరు, మురికిని ఆపే సీలు వేరు. లోపలి రాడ్ సీలు ఇంకా బాగుండబట్టే ఆయిల్ కారడం లేదు. బయటివైపున్న డస్ట్ సీలు పని, రాడ్డు లోపలికి వచ్చేటప్పుడు దాని మీది తడినీ బురదనూ గీకేయడం. అది ఊడిపోతే ప్రతి రాకపోకకూ పలచటి బురదనీటి పొర లోపలికి జారుతుంది. ఒక్కసారి లోపలికి వెళ్లేది చుక్కలో వెయ్యో వంతు అనుకున్నా, రోజుకు వేల రాకపోకలు ఉన్నాయి.

కొల్లేటి ఒండ్రు సంగతి మీకు తెలిసిందే, మైదాపిండి కన్నా మెత్తన. బంకమట్టి రేణువు రెండు మైక్రాన్ల లోపు ఉంటుంది. మన కంటికి ఆనేది సుమారు నలభై మైక్రాన్ల నుంచి. అందువల్ల గాజులోంచి చూసి 'ఆయిల్‌లో మట్టి లేదు' అనడానికి వీల్లేదు.

బాడుగ_బండి
68 గ్రేడు మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. మరి ఇప్పుడు ఆయిల్ మొత్తం మార్చాలా, లేక ట్యాంకు అడుగు ప్లగ్గు విప్పి నీళ్లు వంపేస్తే చాలా?

పాత_ఫిట్టర్
విడిగా నిలిచిన నీళ్లయితే రాత్రంతా ఆగాక అడుగుకు చేరతాయి, పొద్దున స్టార్ట్ చేయకముందే వంపేయవచ్చు. మజ్జిగలా కలిసిపోయిన నీళ్లు అలా దిగవు. ఇక్కడ ఆయిల్ మార్చవలసిందే. మార్చే వరస మాత్రం ముఖ్యం: ముందు బకెట్ సిలిండర్ విప్పి రాడ్డుకు క్రోమ్ పని, కొత్త సీలు కిట్టు చేయించండి. తర్వాత కొత్త బ్రీదర్ బిగించండి. ఆ తర్వాతే ఆయిల్, సక్షన్ జాలీ, రిటర్న్ ఫిల్టర్, పైలట్ ఫిల్టర్ (లివర్ల కంట్రోల్ ఆయిల్‌ది) పట్టుకోండి. దారి మూయకుండా ఆయిల్ మారిస్తే కొత్త ఆయిల్‌కు పాత బురద అంటించినట్టే.

కొత్త ఆయిల్ కూడా శుభ్రమైనదని అనుకోవద్దు. డ్రమ్ము నుంచి నేరుగా వచ్చే ఆయిల్‌లో పంపు కోరేదానికన్నా ఎక్కువ రేణువులుండటం మామూలే. ఫిల్టర్ ఉన్న ట్రాలీ పంపు అద్దెకు తెచ్చి దాని గుండా పోయండి, గరాటాకు గుడ్డ కట్టి కాదు. డ్రమ్మును వానలో నిలువుగా పెట్టవద్దు. పైన నిలిచిన నీళ్లను రాత్రి చల్లబడినప్పుడు డ్రమ్ము బిరడా సందులోంచి లోపలికి పీల్చుకుంటుంది.

కొల్లేరు_కుర్రాడు
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. సిలిండర్ పని విజయవాడ ఆటోనగర్‌లో చేయించాను, నాలుగు రోజులు పట్టింది. బ్రీదర్ మార్చాను, ఆయిల్ పోశాను, ఫిల్టర్లు మార్చాను. సక్షన్ జాలీకి నూలుపోగులు జడలా చుట్టుకుని ఉన్నాయి. ఇంత చేసినా 38 గంటలకు మళ్లీ లైటు వెలిగింది. డబ్బు నీళ్లపాలయిందా?

మస్కట్_మెకానిక్
తొందరపడకండి. ఎన్ని లీటర్లు దిగింది, ఎన్ని పోశారు?

కొల్లేరు_కుర్రాడు
ట్యాంకులోంచి సుమారు 130 లీటర్లు దిగింది, అంతే పోశాం.

మస్కట్_మెకానిక్
ఆ బండి మొత్తం సిస్టమ్‌లో 230 లీటర్లకు పైగా పడుతుంది. మిగతా వంద లీటర్లు సిలిండర్లలో, హోసు పైపుల్లో, కూలర్‌లో పాత బురదతోనే ఉండిపోయాయి. అవి ఇప్పుడు కొత్త ఆయిల్‌లో కలిసి ఫిల్టర్ దగ్గరికి వస్తున్నాయి. ఈ ఫిల్టర్ తిన్నది పాత బాకీ. దీన్ని కూడా కోసి, మూడోదాని పక్కన పెట్టి పోల్చండి.

కొల్లేరు_కుర్రాడు
పోల్చాను. బురద ఉంది గాని మూడోవంతు కూడా లేదు. రబ్బరు పోగులు లేవు, కాగితం ఉబ్బలేదు. పెనం మీద చుక్క కొద్దిగా మాత్రమే చిటపటలాడింది. కొత్త ఫిల్టర్ వేసి నడుపుతున్నాను.

జీడిమెట్ల_ప్రెస్సు
ఈసారి ఫిల్టర్ గిన్నె విప్పినప్పుడు బైపాస్ వాల్వు సీటునూ, స్ప్రింగునూ, మూత ఓ-రింగునూ కూడా చూడండి. రోజంతా లైటు వెలుగుతున్నా నడిపారు కాబట్టి ఆ బైపాస్ చాలా గంటలు తెరుచుకునే ఉండి ఉంటుంది.

కొల్లేరు_కుర్రాడు
మళ్లీ నెలన్నర తర్వాత. గడువుకు ఆరు రోజులు ఆలస్యంగా చెరువు అప్పగించాను, కొంత కోత పడింది. ఆయిల్ మార్చాక రెండో ఫిల్టర్ ఇప్పటికి 260 గంటలు నడిచింది. లైటు ఒకే ఒక్కసారి, తెల్లవారుజామున ఐదింటికి వెలిగి, పది నిమిషాల్లో ఆరిపోయింది. దాన్ని 250 గంటల దగ్గరే తీసి కోద్దామనుకుని పది గంటలు ఆలస్యం చేశాను. కాగితం దాదాపు శుభ్రంగా ఉంది, బైపాస్ సీటు కూడా బాగుంది. మడతల్లో మాత్రం పసుపురంగులో మెరిసే నలుసులు ఆరేడు కనిపించాయి, అయస్కాంతానికి అంటలేదు. మధ్యాహ్నపు మందగింపు కొంత తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

పాత_ఫిట్టర్
ఆ మందగింపు గురించి మొదటి రోజే అనుమానపడ్డాను, బురద మధ్యలో దాని గురించి మాట్లాడటం అనవసరమని ఊరుకున్నాను. వేడెక్కి పలచబడిన ఆయిల్, పంపు లోపలి అరిగిన సందుల్లోంచి వెనక్కి జారుతుంది. బూమ్ మధ్యాహ్నమే మందగించడం దానికే సరిపోతుంది. నలుసులు కంచువి అయితే పంపు పిస్టన్ల కింద ఉండే చెప్పులు (స్లిప్పర్లు) గానీ, వాల్వు ప్లేటు గానీ అరిగినట్టు.

పంపు విప్పించకండి. కేస్ డ్రెయిన్ పైపును (పంపు లోపల జారిన ఆయిల్‌ను ట్యాంకుకు తెచ్చేది) ఒక డబ్బాలోకి పెట్టి, ఆయిల్ వేడిగా ఉన్నప్పుడు పూర్తి లోడు మీద నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తోందో కొలిపించి, కంపెనీ చెప్పిన హద్దుతో పోల్చండి. పంపు రెండు భాగాలకూ విడివిడిగా కొలవగలిగితే ఇంకా మంచిది, తేడా ఎక్కడుందో తెలుస్తుంది. ఆ డ్రెయిన్ పైపును మాత్రం ఒక్క క్షణం కూడా మూయనివ్వకండి, షాఫ్ట్ సీలు పేలిపోతుంది.

కొల్లేరు_కుర్రాడు
రేపు వేడిమీద కొలిపించి అంకెలు ఇక్కడే పెడతాను. ఖాళీ గిన్నె బిగించమన్న మా మెకానిక్కే డబ్బా పట్టుకుంటానన్నాడు.

టిప్పర్_అన్న
డబ్బా లోపల బనియన్ గుడ్డ లేకుండా చూసుకోమనండి.